జట్టు పోయింది, గ్యాలరీ ఉంది

మా వాలీబాల్ జట్టు రాజోలు వదిలేసి విశాఖపట్నం వెళ్ళిపోతోందన్న కబురు నాకు స్టాఫ్ రూములో తెలిసింది. సోషల్ మాస్టారు ఫోనులో చూసి, రేపు వాన పడుతుందని చెప్పినంత తేలిగ్గా చెప్పి, మళ్ళీ టీ తాగుతూ కూర్చున్నారు. నాకు ఒళ్ళు మండింది. కోపం వస్తే నోరు కట్టేసుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. ఆయన్ని పట్టుకుని నాలుగు మాటలు అనేశాను. "నన్నంటారేంటి టీచరుగారూ, జట్టు నాదాండీ?" అన్నారాయన. "మరెవరిదండీ?" అన్నాను. ఇంతలో గంట కొట్టారు. లెక్కల పుస్తకం పట్టుకుని క్లాసుకి వెళ్ళాను గానీ, ఆ పూట నేను చెప్పిన భిన్నాలు పిల్లలకి ఎంత అర్థమయ్యాయో దేవుడికే తెలియాలి.

ఆ జట్టు గురించి కొంచెం చెప్పాలి. రొయ్యల మేత వ్యాపారంలో బాగా కలిసొచ్చిన ఒకాయన సరదాపడి పెట్టిన జట్టు అది. ఆయన్ని ఊరంతా ఓనరుగారనే పిలిచేది. ఆటగాళ్ళకి నెల జీతాలు. కడప వైపు వాళ్ళు కొందరు, తమిళనాడు వాళ్ళు కొందరు, కేరళ నుంచి వచ్చిన పొడుగాటి కుర్రాడొకడు. బస్టాండు వెనక అద్దె ఇంట్లో ఉండేవారు. కోస్తా ఊళ్ళ జట్లు కొన్ని కలిసి పెట్టుకున్న పోటీల్లో ఒక శనివారం మా దగ్గర, ఒక శనివారం పై ఊళ్ళో ఆడేవారు. వాళ్ళలో మా ఊరి పిల్లాడు ఒక్కడూ లేడన్న సంగతి మాకెప్పుడూ అడ్డం రాలేదు. కేరళ కుర్రాడు నెట్ దగ్గర గాల్లోకి లేస్తే, బంతి అవతలి కోర్టులో పడేలోపే మేమంతా లేచి నిలబడేవాళ్ళం. వాడికి తెలుగు రాదు. మేం ఏం అరుస్తున్నామో వాడికి బాగానే తెలిసేది.

మా గ్యాలరీ సిమెంటు మెట్ల గ్యాలరీ కాదు. కోర్టు కొత్తగా వేసిన ఏడాది తుపానొచ్చి మా వైపు తోటలన్నీ పడుకున్నాయి. ఏ పెరట్లో చూసినా కూలిన కొబ్బరి చెట్లే, కొనే నాథుడు లేడు. మా వదిన, అంటే మా అన్నయ్య భార్య, ఆసుపత్రిలో నర్సు. తన పెరట్లో పడ్డ చెట్టుని కోయించి, ఒక దుంగని ట్రాక్టరు మీద వేయించుకొచ్చి కోర్టు పక్కన దింపించింది. "నాకూ మా ఆడోళ్ళకీ ఇది చాలండీ, కాళ్ళు లాగేత్తన్నాయి నిలబడలేక" అంది. అది చూసి ఇంటికొక దుంగ చొప్పున వచ్చేశాయి. కింద ఇటుకలు పేర్చి, చెద పట్టకుండా తారు పూశారు. ఎవరి దుంగ మీద వాళ్ళే కూర్చోవాలి. పండక్కి కొన్న చీరలు ఆ తారు అంటుకుని పాడయ్యాయని తిట్టుకుంటూనే కూర్చునేవాళ్ళం.

దుంగలు వచ్చిన వరసలో పడ్డాయి కాబట్టి మాది కొబ్బరి తోటల ఆసామి ఒకాయన దుంగ పక్కనే పడింది. ఆ కోర్టున్న స్థలం ఆయనదే. మా నాయనమ్మ ఆయన తండ్రిగారి తోటలో చెట్ల మీంచి దింపిన కొబ్బరికాయలు ఏరి మోసిన మనిషి. వాళ్ళ అరుగు మీద ఏనాడైనా కూర్చుందని నేను వినలేదు. ఆవిడ మనవరాలిని నేను. శనివారం శనివారం ఆయనకి జానెడు దూరంలో కూర్చుని, రిఫరీని ఆయనకంటే గట్టిగా తిట్టేదాన్ని. ఆయన కూడా "బాగా అన్నారండి టీచరుగారూ" అనేవారు. పైకి ఎవరితోనూ చెప్పలేదు గానీ, ఆ చోటంటే నాకు ప్రాణం.

పెద్దాయన, ఆ ఆసామిని మేమంతా అలాగే అంటాం, మంచి మనిషే. మాట మీద నిలబడే మనిషి కూడాను. చిక్కంతా అక్కడే వచ్చింది. స్థలం ఇచ్చిన రోజున అందరి ముందూ ఒక మాటన్నారు. "ఆటున్నంత కాలం ఆడుకోండి బాబూ. ఆట ఆగిపోయిన్నాడు మళ్ళీ కొబ్బరి మొక్కలేసుకుంటాను" అని. అప్పుడు మేమంతా చప్పట్లు కొట్టాం. ఆట ఆగిపోవడం అనేది ఒకటుంటుందని ఎవరికి తెలుసు?

సామాను తీసుకెళ్ళడానికి లారీ వచ్చిన రోజున ఓనరుగారు స్వయంగా వచ్చారు. "ఇసాపట్నంలో ఇండోర్ స్టేడియం ఉందండి. టీవీ వాళ్ళొత్తారు. జట్టన్నాక ఎదగాలి కదండీ" అన్నారు. కడుపు మండిపోతోంది నాకు. అయినా మా వాళ్ళేం చేశారనుకున్నారు? ఆయనకి కుర్చీ వేశారు. బొండాలు కొట్టించి ఇచ్చారు. ఎండలో వచ్చారు, భోంచేసి వెళ్ళండి అని బతిమాలారు. మా మర్యాద తగలబడ, మా జట్టుని పట్టుకుపోతున్న మనిషికి మీగడ పెరుగేసి అన్నం పెట్టి పంపాం. నేను కూడా వడ్డించాను, దాచుకోవడం ఎందుకు.

నెట్ విప్పారు, స్తంభాలు పీకారు, లైట్లు దింపారు, స్కోరు బోర్డు ఎక్కించారు. ఆ తర్వాత లారీ మనుషులు వచ్చి మా దుంగల మీద చేయి వేశారు. ఓనరుగారు అవి కూడా తనవే అనుకున్నారు. మా వదిన వెళ్ళి తన దుంగ మీద కూర్చుంది. నేను వెళ్ళి నా దుంగ మీద కూర్చున్నాను. చూస్తుండగానే అందరం ఎవరి దుంగ మీద వాళ్ళం కూర్చున్నాం. "ఇయ్యి మాయండి" అంది వదిన, చాలా మర్యాదగా. లారీ వాళ్ళు ఓనరుగారి మొహం చూశారు, ఆయన మా మొహాలు చూశారు. లారీ వెళ్ళిపోయింది. నేను ఇంటికొచ్చి ఏడ్చాను.

మరుసటి శనివారం సాయంత్రం నా కాళ్ళు ఇంట్లో నిలవలేదు. "ఎక్కడికి?" అన్నాడు మా ఆయన. ఆయనది గ్యాసు కంపెనీలో షిఫ్టు డ్యూటీ. ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. "గ్రౌండుకి" అన్నాను. "ఖాళీ గ్రౌండు చూడ్డానికి ఎవరైనా వెళ్తారా?" అన్నాడు. నేను ఒక్కదాన్నే అనుకుంటూ, ఎవరైనా చూస్తే నవ్వుతారేమోనని సిగ్గుపడుతూనే వెళ్ళాను. తీరా చూస్తే సగం దుంగలు నిండిపోయి ఉన్నాయి. ఎవరికి వాళ్ళే తాము తప్ప ఎవరూ రారనుకుని వచ్చినవాళ్ళు. మొహమొహాలు చూసుకుని నవ్వుకున్నాం. జనం ఉన్నారు కదా అని పునుగుల బండి వచ్చింది. బండి వచ్చింది కదా అని మిగతా జనం వచ్చారు. చివరికి మ్యాచ్‌లకి మైకులో స్కోరు చెప్పే మైకాయన కూడా వచ్చి, అలవాటు చొప్పున మైకు బిగించి, గొంతు సవరించుకుని అన్నాడు: "ప్రేక్షక మహాశయులకి మనవండి. ఈ రోజు మ్యాచ్ లేదండి. దయచేసి అందరూ కూర్చోండి."

అందరం కూర్చున్నాం. పొద్దు వాలేదాకా ఖాళీ కోర్టుని చూస్తూ, పునుగులు తింటూ, పాత మ్యాచ్‌ల గురించి దెబ్బలాడుకుంటూ కూర్చున్నాం. ఇంటికి వెళ్ళేటప్పుడు నా మనసు తేలిగ్గా ఉంది.

పెద్దాయన మాత్రం ఆ రోజు రాలేదు. వారం మధ్యలో ఇంటికి రమ్మని కబురు పెట్టారు, నేనూ వదినా వెళ్ళాం. అరుగు మీద కుర్చీలు వేయించి కూర్చోబెట్టారు. "నాకూ బాధగానే ఉందండి. కానీ మాటన్నాను కదండీ, ఆటాగిపోతే మొక్కలేత్తానని" అన్నారు. పెరట్లో కొబ్బరి విత్తనకాయలు మొలకలెత్తి ఉన్నాయి, తొలకరి పడగానే నాటాలి. "మీరు స్థలం ఇచ్చింది జట్టుకి కాదు కదండీ, ఆటకి" అన్నాను. "ఆయ్, ఆటకేనండి. మరి ఆటేదండీ?" అన్నారు. ఆయనే మళ్ళీ ఇంకో మాటన్నారు. "తొలకరి లోపల ఆ కోర్టులో ఒక్క ఆట జరగాలండి, జనం కూర్చుని చూడాలి. అప్పుడు ఆటున్నట్టే లెక్క. లేపోతే మాత్రం ఏవనుకోకండి." అంతకంటే గడువు ఎవరిస్తారు? వదినా నేనూ నడిచి వచ్చేశాం.

జనాన్ని చూపించమంటే చూపిస్తాం, అది మా చేతిలో పని. ఆట ఎక్కణ్ణుంచి తేవాలి? ఆడే వయసు కుర్రాళ్ళందరూ చదువులకీ ఉద్యోగాలకీ పోయారు, ఉన్నవాళ్ళు సెల్‌ఫోనులో క్రికెట్ ఆడతారు. అయినా శనివారం మానలేదు మేము. ఇంతలో ఈస్టరు ముందు వచ్చే నలభై రోజుల శ్రమదినాలు వచ్చాయి. మా చర్చిలో ఆ రోజుల్లో ఒకరు కాఫీ మానేస్తారు, ఒకరు మాంసం మానేస్తారు. ప్రతి ఏడూ ఆట చూడ్డం మానేస్తానని ఒట్టు పెట్టుకుని రెండో వారానికే తప్పే మా వదిన, "ఈ ఏడు ఒట్టు నిలిచిపోద్దిలే" అని పకపకా నవ్వింది. నవ్వాక కళ్ళు తుడుచుకుంది.

మైకాయన ప్రకటనని ఎవరో వీడియో తీసి పెట్టారు. అది మామిడికుదురు దాటి, అమలాపురం దాటి, ఎక్కడెక్కడికో పోయింది. రాజోలోళ్ళకి పిచ్చి పట్టిందని నవ్వారు. మా స్కూలు పిల్లలు నా వెనక "దయచేసి కూర్చోండి" అని గుసగుసలాడటం నాకు వినబడేది. ఈస్టరు వెళ్ళింది, ఎండలు ముదిరాయి. పెద్దాయన మనుషులు వచ్చి కోర్టు చుట్టూ గోతులు తియ్యడం మొదలుపెట్టారు. ఆయన కోర్టుని మాత్రం చివరికి ఉంచమన్నారు. ఆ గోతుల మధ్య కూర్చున్నాం మేము. ఒక్కో వారం గోతులు కోర్టు గీతకి దగ్గరవుతుంటే, ఎవరో నా ఇంటి గోడ కింద తవ్వుతున్నంత బాధ కలిగేది. అయినా లేవలేదు.

అలాంటి ఒక శనివారం ట్రక్కు ఆటో ఒకటి వచ్చి ఆగింది. అందులోంచి బక్కపల్చటి కుర్రాళ్ళు దిగారు. కపిలేశ్వరపురం వైపు గోదావరి లంకల్లో కూరగాయలు పండించుకునే వాళ్ళు. వాళ్ళ పెద్ద, మీసాలతను, మైకాయన దగ్గరికి వచ్చాడు. "ఆట లేకపోయినా చూడ్డానికొచ్చే జనం మీరేనాండీ?" అన్నాడు. మళ్ళీ వెక్కిరింపనుకుని నేను లేచాను. "అవునండి, మేమే. ఏం?" అన్నాను. అతను చేతులు కట్టుకున్నాడు. "ఇసక మేటల్లో ఆడుకుంటావండి మేం. గేదెలు తప్ప మా ఆట చూసినోళ్ళు లేరు. మీరు చూత్తారంటే వచ్చి ఆడతావండి" అన్నాడు. "చూస్తామండి" అన్నాను.

వాళ్ళకి ఎదుటి జట్టు కావాలి కదా. మా కరెంటాఫీసు లైన్‌మెన్లు డ్యూటీ అయ్యాక ఆఫీసు వెనక ఆడుతుంటారని వదిన కనిపెట్టింది. వాళ్ళలో ఒకడు కుక్క కరిచిందని ఇంజక్షన్‌కి వచ్చినప్పుడు చెప్పాడట. ఆసుపత్రిలో సూది చేత్తో పట్టుకుని అడిగితే ఎవరు కాదంటారు? పై శనివారానికి ఒప్పుకున్నారు. తుక్కులో కొన్న ఇనప గొట్టాలు పాతారు, లంకవాళ్ళు తమ నెట్ తెచ్చారు. ముగ్గుపిండితో మేమే గీతలు వేశాం. పెద్దాయన పంచె సర్దుకుంటూ వచ్చి, చాలా వారాల తర్వాత తన దుంగ మీద కూర్చున్నారు. నాకు నమస్కారం పెట్టారు. పడమట మబ్బులు పట్టి ఉన్నాయి.

ఆట మొదలయ్యాక పెద్ద చిక్కు వచ్చిపడింది. ఎవరి తరఫున అరవాలో మాకు తెలియలేదు. రెండూ మాకు కొత్త జట్లే. పాయింటు వస్తే ప్రార్థనలో ఉన్నట్టు నిశ్శబ్దం. ఆడేవాళ్ళు బిక్కమొహాలు వేసుకుని మా వైపు చూస్తున్నారు. ఇంతలో లంక కుర్రాడొకడు మా దుంగ ముందర నేల మీద పడి, మోచేతులు చీరుకుపోతుంటే బంతిని పైకి లేపాడు. మా వదిన ఒక్క ఊపున లేచింది. "మావోడండీ! మా ముందరోడు మావోడేనండీ!" అని ఆసుపత్రి అంతా వినబడే గొంతుతో అరిచింది. అంతే, మా వైపు దుంగలన్నీ లంకవాళ్ళవైపోయాయి. అవతలి సగం దుంగల వాళ్ళు ఊరుకుంటారా, లైన్‌మెన్లని ఎత్తుకున్నారు. సెట్టు అయిపోయి జట్లు అటువాళ్ళు ఇటూ ఇటువాళ్ళు అటూ మారేసరికి మాకు మళ్ళీ తికమక. దుంగలు వదిలి మేం అటు పోలేం. "మన ముందున్నోడే మనోడండీ" అని తేల్చేసింది వదిన. అప్పటిదాకా తిట్టిన లైన్‌మెన్లకి అప్పటికప్పుడు చప్పట్లు కొట్టాం. ఇంత హాయిగా నేను ఏ ఆటా చూడలేదు.

బంతి మాటిమాటికీ గోతుల్లో పడుతోంది. మొదట్లో మైకాయన దిగి తీసేవాడు. కాసేపటికి చూస్తే పెద్దాయనే పంచె ఎగ్గట్టి గోతిలో దిగుతున్నారు. తానే తవ్వించిన గోతిలోంచి బంతిని తీసి, మట్టి తుడిచి, కోర్టులోకి విసురుతున్నారు. ఆఖరి సెట్టులో, నేను ఎప్పటికీ మరిచిపోలేని పాయింటు ఒకటి జరిగింది. లంకవాళ్ళు కొట్టిన బంతి లైన్‌మన్ చేతికి తగిలి మా తలల మీద నుంచి వెనక్కి పోయింది. ఇంకో లైన్‌మన్, బొజ్జ ఉన్న మనిషి, దుంగ మీద కాలు పెట్టి, గోతి మీద నుంచి దూకి, నేలకి జానెడు ఎత్తులో బంతిని అందుకుని వెనక్కి కొట్టాడు. అది మమ్మల్నీ కోర్టునీ నెట్‌నీ దాటి అవతలి గీత లోపల పడింది. అప్పుడు లేచిన అరుపులో అన్నిటికంటే పెద్ద గొంతు నా పక్కనే వినబడింది. పెద్దాయన దుంగ మీద నిలబడి, పైపంచె గాల్లో తిప్పుతూ అరుస్తున్నారు.

చివరికి లంకవాళ్ళు గెలిచారు. లైన్‌మెన్లని కూడా భుజాలకెత్తుకున్నాం. చినుకులు మొదలయ్యాయి, ఎవరూ కదల్లేదు. పెద్దాయన గొంతు పోయి, గుసగుసగా అన్నారు: "రేపు ఆదివారం, మీరు చర్చికెల్తారు. సోమారం మనుషుల్ని పెడతానండి." "ఎందుకండీ?" అన్నాను. "గోతులు పూడ్చేద్దారనండి. ఆ బొజ్జాయన కాలిరగ్గొట్టుకునేలా ఉన్నాడు" అన్నారు. నేను అందరి ముందూ ఆయన చేతులు రెండూ పట్టుకున్నాను. మా నాయనమ్మ చూడలేదే అని ఒకటే అనిపించింది. మొక్కల్ని ఆయన మామిడికుదురులో చుట్టాల తోటకి పంపేశారు.

ఆ రోజు వీడియో మొదటి దానికంటే దూరం పోయింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. పాలకొల్లు నుంచి అడిగారు, యానాం నుంచి అడిగారు, సముద్రం పక్క జాలరి పాలేల కుర్రాళ్ళు అడిగారు. అందరిదీ ఒకే గోడు. ఆడేవాళ్ళున్నారు, చూసేవాళ్ళు లేరు. మా దగ్గర చూసేవాళ్ళే ఉన్నారు. మా ఆయన షిఫ్టులు మార్పించుకుని, ఫ్లాస్కులో టీ పట్టుకుని నాకంటే ముందు వెళ్ళి కూర్చుంటున్నాడు. శనివారాలు పంచడం నా పని అయింది. లెక్కల టీచర్ని కదా అని నాకు అంటగట్టారు. ఖాళీ లేదని చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు లోలోపల ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

చలి మొదలయ్యే రోజుల్లో ఒక సాయంత్రం, ఇంకా ఆట మొదలవక ముందు, ఓనరుగారు కారు దిగారు. కోర్టునీ జనాన్నీ చాలాసేపు చూశారు. ఎక్కడ కూర్చోవాలో తెలియక అటూ ఇటూ చూస్తుంటే మా వదిన తన దుంగ మీద జరిగి చోటిచ్చింది. షరా మామూలుగా బొండం కూడా వచ్చింది. "ఇసాపట్నంలో కుర్చీలు బోలెడున్నాయండి, కూర్చునేవోళ్ళే లేరు. కుర్రోళ్ళకి ఆట మీద మనసు రావట్లేదు. కేరళోడైతే రోజూ మీ గురించే" అన్నారు. బొండం కింద పెట్టి, "కొన్ని మ్యాచ్‌లు ఇక్కడ పెడదారని వచ్చేనండి. మన జట్టు మళ్ళీ వత్తందంటే ఎంతమంది వత్తారంటారు టీచరుగారూ?" అన్నారు.

"మీ జట్టు కోసమైతే ఎవరూ రారండి" అన్నాను. ఆయన మొహం వాడిపోయింది. "కానీ శనివారం కదండీ. మేం ఎలాగూ ఉంటాం."

ఆయన గబగబా, "అయితే వచ్చే శనివారమే పెట్టేద్దారండి" అన్నారు.

"వచ్చే శనివారం కపిలేశ్వరపురం వాళ్ళదండి. పై వారం పాలకొల్లు వాళ్ళున్నారు. ఆ తర్వాత మీరు రండి" అన్నాను.

"ఆయ్, అలాగేనండి" అన్నారు ఓనరుగారు.